ఊపిరి కోసం కొన్న కారు

పీరు సాయిబు కారు కొన్నాడంటే ఊళ్లో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్లు వచ్చి చూసి నవ్వారు. పక్కింటి బుల్లయ్య బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏరా పీరూ, కారు కొన్నావా, అగ్గిపెట్టె కొన్నావా?" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. బుల్లయ్య లాంటి నిలువెత్తు మనిషి వెనక కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలే బండి అది. చీరాలలో చీరల వ్యాపారి ఒకాయన నాలుగేళ్లు వాడి, పెద్దది కొనుక్కుంటూ దీన్ని వదిలించుకున్నాడు. తెల్ల రంగు, ఎడమవైపు తలుపు మీద సొట్ట, తిప్పితే కిర్రుమనే స్టీరింగు. ఏసీ మాత్రం బ్రహ్మాండం.

ఆ ఏసీ కోసమే పీరు దాన్ని కొన్నాడు. దర్జాకని ఊరు అనుకుంది. అనుకోనీ, ఊరికి పనేముంది.

అతని భార్య ఖుర్షిదా ఇరవై రెండేళ్లు కోల్డ్ స్టోరేజీల దగ్గర షెడ్లలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీసింది. ముక్కుకి పాత గుడ్డ కట్టుకుని, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా. ఆ షెడ్లలో గాలి ఎర్రగా ఉంటుంది. నలభై నాలుగో ఏట ఆమె రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు ఆమె చేత గొట్టంలోకి ఊదించి, కాగితం చూసి, పీరుతో చెప్పాడు. "పోయిన ఊపిరి తిరిగి రాదయ్యా. ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ఇక ఈ జన్మకి ఈమెకి మిరప ఘాటు సోకకూడదు, దుమ్ము తగలకూడదు. పదిహేను రోజులకోసారి తీసుకొచ్చి చూపించు."

చెప్పడం తేలికే. వాళ్ల ఊరు ఫిరంగిపురానికి ఇవతల, నరసరావుపేట వైపు. గుంటూరు వెళ్లాలంటే ఆటో ఎక్కాలి, తరవాత బస్సు ఎక్కాలి. సీజన్లో ఆ రోడ్డు మీద ముందూ వెనకా మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, వేసుకుపోయే లారీలే. పేరేచర్ల దగ్గర కంకర దుమ్ము సరేసరి. ఇంటి దగ్గర బాగానే బయల్దేరిన మనిషి ఆస్పత్రి మెట్ల దగ్గరికి చేరేసరికి కూలబడేది. వైద్యానికి వెళ్లడమే ఒక జబ్బయింది. అందుకని పీరు అద్దాలు బిగించుకుని వెళ్లే బండి కావాలనుకున్నాడు. కొన్నాడు.

దర్గాలో చక్కెర పెట్టి ఫాతెహా చదివించాడు. బుల్లయ్య భార్య వెంకాయమ్మ నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. వాటిని తొక్కించుకుంటూ బండి వీధిలోకి వచ్చింది.

మొదటి ప్రయాణం పీరు ఎన్నటికీ మరిచిపోడు. అద్దాలు నాలుగూ ఎక్కించి ఏసీ వేశాడు. పక్క సీట్లో ఖుర్షిదా ఒళ్లో చేతులు పెట్టుకుని, పెళ్లివారింట్లో కూర్చున్నట్టు కూర్చుంది. కాసేపటికి, "గంజి వాసన వస్తోందయ్యా. కొత్త చీర మడత విప్పినట్టు," అంది. పీరు గట్టిగా పీల్చి చూశాడు. "నాకేం తెలీట్లేదే," అన్నాడు. పేరేచర్ల దాటేసరికి ఆమె నిద్రపోయింది. ఆస్పత్రి మెట్లు తనంతట తానే ఎక్కింది. డాక్టరు మెచ్చుకున్నాడు. ఆ రోజు పీరు ఆస్పత్రి బయట టీ తాగుతూ, ఎవరూ అడక్కుండానే, పక్కన నిలబడ్డవాడికి తన బండి చూపించాడు.

అతనికి గంజి వాసన ఎందుకు తెలియలేదో ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు.

ఆలోచించాల్సింది. పీరు ముప్పయ్యేళ్లుగా మిర్చి మనిషి. ఒక కమీషన్ కొట్టు తరఫున పాత స్కూటరు మీద ఊళ్లు తిరిగి కళ్లాల్లో ఎండే కాయ చూస్తాడు, రైతుతో మాట్లాడతాడు, ప్రతి కళ్లం నుంచీ నాలుగు గుప్పెళ్లు మచ్చు తీసి సంచీలో వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి తెస్తాడు. కాయ విరిచి గింజ గలగల వింటాడు, అరచేతిలో నలిపి రంగు చూస్తాడు, పంటికింద పెట్టి తేమ చెబుతాడు. ముక్కుతో పని లేదు. యార్డులో ముక్కు ఉన్నవాడు బతకలేడు. అక్కడ దగ్గేవాణ్ణి చూసి "కొత్తోడు" అని నవ్వుతారు. పీరు కూడా మొదట ఏడాదంతా దగ్గాడు, తరవాత మానేశాడు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ముప్పయ్యేళ్లు సావాసం చేసినవాడికి ఘాటనేది ఒకటుందనే గుర్తులేదు. కుప్పలో తల పెట్టి కూడా కబుర్లు చెప్పగలడు. అది అతనికి గర్వం.

బండితో మొదటి నెల కొత్త కోడలితో కాపురంలా గడిచింది. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో లెక్కవేసి బుల్లయ్యకి చెప్పాడు. బుల్లయ్య నమ్మలేదు. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఏసీ ఆపకపోతే మూలుగుతుందని కనిపెట్టాడు. వెనక్కి తీసేటప్పుడు మునగచెట్టుని రెండుసార్లు గుద్దాడు. గేదె అడ్డమొస్తే హారన్ కన్నా తలుపు మీద కొట్టడమే మేలని తెలుసుకున్నాడు. పొద్దున్నే బకెట్టు నీళ్లతో తుడిచేవాడు. తలుపు వేస్తే రేకు డబ్బా మూత వేసినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు కూడా అతనికి బాగానే ఉండేది.

రాజుని చూసిన కళ్లతో మొగుణ్ణి చూస్తే మొట్టబుద్ధి అయిందట. కారెక్కినవాడికి ఎండలో పాత స్కూటరు చేదయింది. జనవరిలో కళ్లాలు మొదలయ్యాక పీరు కళ్లాలకీ కారులోనే వెళ్లడం మొదలుపెట్టాడు. మచ్చు సంచులు వెనక సీట్లో పెట్టేవాడు. ఎండ తగిలితే కాయ రంగు చెడుతుందని అద్దాలు బిగించి ఏసీ వేసేవాడు. దారిలో రైతులు కనపడితే ఎక్కించుకునేవాడు. వాళ్ల పంచెల నిండా, తలగుడ్డల నిండా మిరప దుమ్మే. ఎవరూ దగ్గలేదు. వాళ్లూ యార్డు ముక్కులవాళ్లే.

అజాగ్రత్త మనిషి కాడు పీరు. ఖుర్షిదాని తీసుకెళ్లే రోజు బండిలో ఒక్క కాయ లేకుండా చూసేవాడు. సీట్లు తడిగుడ్డతో రెండుసార్లు తుడిచేవాడు. తను వీధి కుళాయి దగ్గర తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకునేవాడు. ఆ తరవాత ఆమెని కూర్చోబెట్టి, అద్దాలు నాలుగూ ఎక్కించి, ఆమె మొహానికి తగిలేట్టు ఏసీ తిప్పేవాడు.

సంక్రాంతి దాటాక ఆమె ఆస్పత్రి మెట్ల దగ్గర ఆగింది. ఫిబ్రవరిలో మెట్ల మీద కూర్చుంది. డాక్టరు మళ్లీ గొట్టంలోకి ఊదించి, కాగితం పాత కాగితం పక్కన పెట్టి చూసుకున్నాడు. "ఇంట్లో కారం దంచుతున్నారా?" అని అడిగాడు. పీరుకి కోపం వచ్చింది. ఏడాదిగా వాళ్లింట్లో కూరల్లో మిరియాలే. "అయ్యా, మా ఇంట్లో ఎండుమిరపకాయన్నది లేదండి," అన్నాడు. డాక్టరు పీల్చే మందు పెంచి, ఇకనుంచి వారం వారం రమ్మన్నాడు. పీరు వారం వారం తీసుకెళ్లాడు. కారు ఉండబట్టి సరిపోయిందని అందరితోనూ అనేవాడు.

మార్చిలో ఏసీ చల్లదనం తగ్గింది. నరసరావుపేటలో సురేంద్ర అనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. సురేంద్ర డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, పుస్తకమంత ఫిల్టరు లాగి, వెంటనే మొహం పక్కకి తిప్పుకుని నాలుగు తుమ్ములు తుమ్మాడు. కళ్లు తుడుచుకుంటూ, "ఏందండి సాయిబు గారూ, ఇది ఫిల్టరా, కారం జల్లించే జల్లెడా?" అన్నాడు.

తెల్లగా ఉండాల్సిన ఫిల్టరు ఇటికరాయి రంగులో ఉంది.

పీరు దాన్ని రెండు చేతులతో తీసుకుని ముక్కుకి ఆనించుకున్నాడు. రొమ్ము నిండా పీల్చాడు. ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాడు. పచ్చి మంచినీళ్లు తాగినట్టు ఏమీ లేదు. సురేంద్ర దూరంగా నిలబడి ముక్కు మూసుకుని అతన్నే చూస్తున్నాడు. పీరు అక్కడున్న పాత టైరు మీద కూర్చున్నాడు. మూడు నెలలపాటు ఆమె మొహానికి తగిలేట్టు తను తిప్పిన గాలి ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి అడిగాడు. "ఏమే, కార్లో ఘాటొచ్చేదా నీకు?"

ఖుర్షిదా బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు. "ఏమో. నాది జబ్బు ముక్కాయె. నాకేం తెలుస్తది," అంది. పీరు ఆ మాట నమ్మాడు. నమ్మకపోతే నిద్ర పట్టదు మరి.

మచ్చు సంచులు మళ్లీ స్కూటరెక్కాయి. కారు మూడుసార్లు కడిగించాడు. కొత్త ఫిల్టరు వేయించాడు, సీటు కవర్లు మార్పించాడు, కింద పట్టాలు పీకి పారేశాడు. "సీట్ల స్పాంజీలోకీ, లోపల గొట్టాల్లోకీ పోయింటది, చెప్పలేం," అన్నాడు సురేంద్ర. ఇల్లలకగానే పండగ కాదని పీరుకి తెలుసు. కానీ అయిందో లేదో చూసుకోవడానికి అతనికి ముక్కు లేదు. మనిషి నెత్తిన ఇంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

ఆ వారం ఆమెకి రాత్రీపగలూ ఆయాసమే. బయల్దేరక తప్పలేదు. ఆమె ఎక్కి కూర్చుంది. పీరు ఏసీ వేసి, రోడ్డు చూడ్డం మానేసి ఆమెని చూస్తున్నాడు.

"ఏమన్నా తగులుతోందా?"

"లేదయ్యా. బానే ఉంది."

ఫిరంగిపురం దాటారు. ఆమె దగ్గింది. మళ్లీ అడిగాడు. "బానే ఉందంటున్నాగా, ముందు చూసి నడుపు," అంది. కళ్లల్లో నీళ్లు దగ్గు వల్లనా, ఘాటు వల్లనా? ఆయాసం జబ్బుదా, బండిదా? అద్దం దించితే కంకర లారీల దుమ్ము. ఎత్తితే ఏముందో తెలియదు. పీరుకి పిచ్చెత్తినట్టయింది.

పేరేచర్ల దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్క ఒకావిడ గంపలో జామకాయలు పెట్టుకుని కూర్చుని కనపడింది. పీరు బండి ఆపి, దిగి, ఆమె దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఒక్కసారి ఇటొచ్చి ఈ బండి లోపల తల పెట్టి చూడమ్మా. ఏమన్నా వాసనొస్తోందేమో చెప్పు."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. చేతులు జోడించి నిలబడ్డ మనిషిని చూసి ఏమనుకుందో, లేచి వచ్చింది. పీరు తన వైపు తలుపు తెరిచాడు. ఆవిడ తల లోపలికి పెట్టింది. పెట్టిన తలని చటుక్కున వెనక్కి తీసుకుని కొంగు ముక్కుకి అదుముకుంది.

"ఏందయ్యా ఇది, గొంతులో కొట్టింది. మిరపకాయలు తోల్తున్నావా ఇందులో?" అని, లోపల ఖుర్షిదాని చూసి, "ఆమె ఎట్టా కూర్చుందయ్యా?" అంది.

పీరు అటువైపు వెళ్లి తలుపు తీసి, ఖుర్షిదాని చెయ్యి పట్టుకుని దింపి, జామకాయలావిడ గొనెపట్టా మీద కూర్చోబెట్టాడు. ఆమె ఊపిరి అందేదాకా ఆగాడు.

"నీకు తెలుసు," అన్నాడు. "మొదటి నుంచీ తెలుసు. బానే ఉందని ఎందుకన్నావే?"

ఖుర్షిదా ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి కూడగట్టుకుంటూ చెప్పింది.

"బస్సయితే నేను ముందు కూర్చుంటా, నువ్వు వెనక నిలబడతావు. ఆటో అయితే నువ్వు డ్రైవరు పక్కన. ఇంట్లో ఉండేదే లేదాయె నువ్వు, కళ్లాలంట, యార్డంట. ఇందులో అయితే గంటసేపు నా పక్కన కూర్చుంటావు. ఇరవయ్యారేళ్లలో కూర్చున్నావా ఎప్పుడన్నా?"

పీరు ఆమె ముందు మట్టిలో కూలబడ్డాడు. ఆమెని తిట్టాలనిపించింది. తనని తాను చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించింది. అదేమీ చేయలేక, ఏడ్చాడు. జామకాయలావిడ లేచి కాస్త అవతలికి వెళ్లి నిలబడింది.

నరసరావుపేట నుంచి బస్సు వచ్చింది. పీరు చెయ్యెత్తి ఆపాడు. కారుకి తాళం వేయాలన్న ధ్యాస కూడా లేదు. ఖుర్షిదాని దాదాపు ఎత్తుకుని ఎక్కించాడు. ముందు ఆడవాళ్ల సీట్లలో ఒకమ్మాయి లేచి ఆమెకి చోటిచ్చింది. పీరు అక్కడే కడ్డీ పట్టుకుని నిలబడబోతే, కండక్టరు, "మగాళ్లు వెనక్కి జరగాలండి, వెనక్కి," అన్నాడు. "మా ఇంటావిడ, జబ్బు మనిషి," అని పీరు చెబుతూనే ఉన్నాడు, వెనకనుంచి ఎక్కిన జనం అతన్ని నెట్టుకుంటూ లోపలికి తీసుకుపోయారు.

వెనక చివరి దాకా వెళ్లి నిలబడ్డాడు. మధ్యలో తలలు, సంచులు, నీళ్ల బిందెలు. ఆమె కనపడలేదు. దగ్గు మాత్రం వినబడుతోంది. అతను దాన్ని వింటూ నిలబడ్డాడు. దగ్గు ఆగినప్పుడల్లా ముందుకి వంగి, మళ్లీ వినబడేదాకా ఊపిరి బిగబట్టుకున్నాడు.