గండికోట మీద ఫైళ్ళు

మా ఉరుకుందప్ప అన్న ఏ ఫైలునూ పేరుతో వెతకడు. అది కోటలో ఎక్కడుందో చెబుతాడు, అంతే.

2006లో ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఆయన డీటీపీ సెంటరు. కంప్యూటరు తెర మీద గండికోట ఫోటో, దాని మీద ఈగలు ముసిరినట్టు మూడు వందల ఫైళ్ళు. పెళ్ళిపత్రికలు బురుజుల మీద, ఉద్యోగ దరఖాస్తులు ఆకాశంలో, పెద్దకర్మ పత్రికలు కింద పారే పెన్న ఏట్లో.

"నాగశ్రీ, రెండో బురుజు కింద పగులుండాదే, దాంట్లోంచి లక్ష్మక్క గృహప్రవేశం తీయి" అనేవాడు. తీసేదాన్ని.

ఒకసారి ఆకాశం నిండిపోయి, ఆనందం అనే కుర్రాడి దరఖాస్తు ఏట్లోకి జారింది. చూసి అడిగాడు.

"ఏమప్పా, ఉద్యోగం కాగితాన్ని ఏట్లో పడేస్తే ఎట్లొస్తాది?"

"ఈదుకుంటా వస్తాది. కూర్చో."

ఊరంతా నవ్వేది. నాకు మాత్రం ఆ పిచ్చి కలిసొచ్చింది. నాలుగో తరగతిలో బడి మానేసిన నేను తెలుగు టైపు చకచకా కొట్టేదాన్ని గానీ, ఫైళ్ళ కింద ఉండే ఇంగ్లీషు పేర్లు చదవలేకపోయేదాన్ని. అది బయటపడితే పని పోతుందని భయం.

ఒకరోజు అన్న టీకి పోయిన సందులో, కంప్యూటర్లు బాగుచేసే భూపేష్ ఫైళ్ళన్నిటినీ పేర్ల వరుసలో సర్దేశాడు. పెళ్ళిళ్ళు ఏట్లోకి, పెద్దకర్మలు బురుజుల మీదికి పోయాయి. అప్పుడే రామేశ్వరమ్మ వచ్చింది.

"నా కూతురి పత్రిక తీయి పాపా, నంద్యాల బస్సు కదులుతాండాది."

మూడో బురుజు నొక్కాను. ఎవరిదో పెద్దకర్మ తెరుచుకుంది.

"పెండ్లి పెట్టుకుని ఇదేంది చూపిస్తాండావు?"

"ఆర్ అక్షరం కాడ చూడు" అన్నాడు భూపేష్. ఆర్ ఎలా ఉంటుందో నాకేం తెలుసు?

వెనకనుంచి అన్న వచ్చి మౌసు లాక్కున్నాడు. "నా కోట కూలగొట్టినావు గదప్పా" అని భూపేష్‌ను తిడుతూనే, ఒక్క చూపుతో పత్రిక తీసిచ్చాడు. రామేశ్వరమ్మ బస్సుకు పరుగెత్తింది.

పేర్ల వరుసలో అంత సులువుగా ఎలా దొరికిందని భూపేష్‌కు అనుమానమొచ్చి కంప్యూటరంతా గాలించాడు. "ఈడ పాత ఫైళ్ళన్నీ సంవత్సరం వారీగా, అక్షరాల వరుసలో శానా బాగా సర్దినావే. పోయిన ఉగాదితో ఆపేసినావేంది?"

నేను పనిలో చేరింది ఆ ఉగాదికే.

అన్న చెవులు ఎర్రబడ్డాయి. "వైరస్ తీయమంటే నా ఇల్లు సోదా చేస్తాండావా? పో."

సాయంత్రం ఇద్దరం కోట మళ్ళీ కట్టాం. మర్నాడు కోట వాకిట్లో కొత్త ఫైలు ఉంది. తెరిస్తే చేటంత ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కోదాని కింద తెలుగు.

"ఇదెవరిదన్నా?"

"పేరు కిందనే ఉండాది. చదివి, వాళ్ళను పిలిచి ఇచ్చెయ్."

పది రోజులు పట్టింది కూడబలుక్కోడానికి. నాగశ్రీ.

"అన్నా, ఆ మనిషి వచ్చింది."

"వాకిట్లోనే నిలబెట్టినావేంది" అన్నాడు తలెత్తకుండా. "లోపలికి రమ్మను."