గ్రంథాలయం గోడ, అప్పారావు మేస్త్రీ గారు

కాల్చిన సున్నపురాళ్ల మీద నీళ్లు పోయగానే అవి బుసబుసా పొంగుతాయి. వేడి ఆవిరి ఘాటుగా ముక్కుకు తగులుతుంది. నిన్న రాజోలులో ఒక పాత సత్రం మరమ్మతు మొదలుపెడుతుంటే ఆ ఘాటుకి అప్పారావు మేస్త్రీ గారు గుర్తొచ్చారు. ఆయన పోయి మూడేళ్లయింది.

ఆయనను నేను మొదట చూసింది కొత్తపేట దగ్గర ఒక ఊరి గ్రంథాలయంలో. అప్పటికి నేను ఇంజనీరునై రెండేళ్లు కూడా కాలేదు. పెంకుల కప్పు, చుట్టూ వరండా, ఇటుకా సున్నంతో కట్టిన మందపాటి గోడలు. పడమటి గోడ నడుమెత్తు దాకా చెమ్మెక్కి పెచ్చులూడుతోంది. పక్కనే కాలువ ఉంది కాబట్టి పునాది కుంగిందనుకున్నాను. పడగొట్టడమే మేలని నివేదిక రాసి, ఊరివాళ్ల సమావేశంలో చదివాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. వెనక బల్ల మీంచి ఒక పెద్దాయన మాత్రం లేచారు.

"పునాదికేం కాలేదండీ. తప్పు నాది. పాతికేళ్ల కిందట ఈ గోడకి సిమెంటు పూసింది నేనేనండీ. సున్నం గోడ లోపలి చెమ్మని బయటికి వదిలేస్తుందండి. గట్టిగా ఉంటుందని చెప్పి నేనే దానికి ఊపిరాడకుండా చేసేను."

సభలో ఒకాయన లేచి, "మా ఇంటికీ మీరే కదా పూసేరు?" అన్నారు.

"ఆయ్, పూసేనండి. రేపొచ్చి చూస్తాను."

తర్వాత నా వైపు తిరిగి, "పడగొట్టడానికి తొందరేముందండీ అమ్మాయిగారూ? ఒక్క వేసవి ఆగండి," అన్నారు. నలుగురిలో నా మాట కాదన్నారని నాకు కోపం వచ్చింది. ఊరివాళ్లు ఆయన మాటే విన్నారు.

సిమెంటు చెక్కేస్తే లోపలి ఇటుకలు తడిసి నల్లబడి ఉన్నాయి కానీ, ఒక్కటీ చితకలేదు. పునాది పక్కన తవ్వించి చూశాను. ఎక్కడా కుంగలేదు. వానలు పడేలోపు గోడ ఆరిపోయింది. కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్లతో సున్నం కలిపి, ఆయనే దగ్గరుండి పూయించారు. నేను కొత్త నివేదిక రాశాను. 'నా మొదటి అంచనా తప్పు' అని రాయడానికి చెయ్యి రాలేదు. 'మరికొన్ని వివరాలు తెలిశాయి' అని రాసి సరిపెట్టాను.

ఆ ఏడాది రెండు ఇళ్లవాళ్లు ఆయన్ని పనికి పిలవడం మానేశారు. ఆయన మాత్రం తను సిమెంటు పూసిన పాత ఇళ్లన్నిటికీ సైకిలు మీద వెళ్లి, గోడలు తట్టి చూసి వచ్చారు.

"అందరి ముందూ ఎందుకు చెప్పారండీ? నాతో చెబితే సరిపోయేదిగా," అని ఒకరోజు అడిగాను.

"పడగొట్టేద్దామని అనుకుంది అందరూ కదండీ," అన్నారు తాపీ కడుక్కుంటూ.

గ్రంథాలయం ఇప్పటికీ నడుస్తోంది. పడమటి గోడకి ఆనించి బీరువాలు పెట్టారు.

పోయిన నెల ఐనవిల్లి వైపు ఒక పాత ఇంటి పనిలో కొత్త దూలం జానెడు పొట్టిగా వచ్చింది. ఇంటాయన వడ్రంగి మీద కేకలేస్తున్నారు.

"కొలత ఇచ్చింది నేనండీ," అన్నాను.

ఆయన కేకలు నా మీదికి తిరిగాయి. నిలబడి విన్నాను. ఆ మాట అనడం నాకింకా కష్టంగానే ఉంటుంది. కానీ ఈమధ్య, అనకుండా ఇంటికి వెళ్లడం అంతకంటే కష్టమవుతోంది.