కంబళి బదులు తెచ్చిన పుస్తకాలు

ఆ రోజుల్లో మెదక్‌లో దుకాణం బోర్డు మీద బెత్తెడు జాగా ఖాళీగా కనిపించిందంటే పెయింటర్ పని ఎగ్గొట్టాడని అర్థం. ఫ్లెక్సీలు ఇంకా రాలేదు. దుకాణం పేరు, యజమాని తండ్రి పేరు, లక్ష్మీదేవి బొమ్మ, ఫోన్ నంబరు, చివర ‘మాకు వేరే బ్రాంచీలు లేవు’ (ఉన్న ఒక్కటీ ఎలా నడుస్తోందో ఊరంతటికీ తెలుసు), ఇవన్నీ పడితేనే బోర్డు. అలా నింపడంలో మా ఉస్తాద్‌ను మించినవారు లేరు. ఆయన దగ్గర ఆరేళ్లు కుంచెలు కడిగి, అక్షరాలకు నీడలు దిద్ది, ఇక నాకు అంతా వచ్చేసిందని నమ్ముతున్న కాలంలో షార్జా నుంచి బావ టికెట్ పంపించాడు. ఉస్తాద్ సెలవిస్తూ ఒక్కటే అడిగారు. “నాకేం వద్దు బేటా. జర మెత్తటి కంబళి తే. చలికి మోకాళ్లు గుంజుతున్నయ్.”

అక్కను చూసి రమ్మని బావ పిలిస్తే నేను ఎగ్జిబిషన్లు చూస్తూ తిరిగాను. ఒక హాల్లో గోడంత తెల్ల కాగితం మీద, ఓ మూలన ఒకే ఒక్క అక్షరం! దాని ముందు ఎంతసేపు నిలబడ్డానంటే, కాపలా అతను నా పక్కకొచ్చి నిలబడ్డాడు. అక్కడే అక్షరాల మీద, డిజైన్ మీద ఇటుకల్లాంటి పుస్తకాలు నాలుగు కొన్నాను. ఉస్తాద్ అడిగిన కంబళి అప్పటికే కొని పెట్టెలో సర్దుకున్నాను. ఎయిర్‌పోర్టులో సామాను బరువు ఎక్కువైందన్నారు. కంబళి తీయాలి, లేదా పుస్తకాలు తీయాలి. కంబళి తీసి బావ చేతిలో పెట్టాను. విమానం ఎక్కాక గానీ ఉస్తాద్ మోకాళ్లు గుర్తు రాలేదు.

మెదక్ వచ్చి, ఉస్తాద్ దుకాణంలో తలొంచుకుని పుస్తకాలు ఆయన ముందు పెట్టాను. చేతులు కడుక్కుని వచ్చి ఒక్కో పేజీ తిప్పారు. “గింత జాగ ఖాళీ ఇడిసిపెట్టిండేంది? రంగు ఒడిసిందా?” అన్నారు. కంబళి మాట ఎత్తలేదు. లావుపాటి పుస్తకాన్ని మోకాళ్ల మీదికి లాక్కుని, “ఎచ్చగనే ఉంది తియ్,” అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

వారం తిరగకుండానే, ఉస్తాద్ నర్సాపూర్ పోయిన రోజు చూసుకుని, మిఠాయి దుకాణం బోర్డు నేనొక్కడినే రాశాను. మొత్తం తెలుపు. కింద మూలన చిన్నగా, ఎర్రగా ‘మిఠాయి’. నిచ్చెన దిగి మురిసిపోతుండగా సేటు వచ్చాడు.

“మిగిలింది ఎప్పుడు రాస్తవ్?”

“అయిపోయింది సేటూ.”

“అయిపోయిందా! మా నాయిన పేరేది? లచ్చిందేవి ఏది? ఇగ మీ దుకాణం మెట్టెక్కితే ఒట్టు!”

ఆరేళ్ల నా కొలువు, ఉస్తాద్ పరువు ఒక్కసారే పోయేలా ఉన్నాయి. అంతలో బస్సు దిగి ఉస్తాద్ వచ్చారు. బోర్డు చూశారు, నన్ను చూశారు. “సేటూ, గిది అస్తరే, అడుగు పూత. ఆరాలె. రేపు మాపటికి రాండ్రి,” అన్నారు.

మర్నాడు పొద్దంతా ఇద్దరం కూర్చుని తండ్రి పేరుతో సహా అన్నీ రాశాం. కానీ పేరు చుట్టూ మాత్రం ఉస్తాద్ జానెడు తెలుపు వదిలేశారు. ఆయన చేతిలోంచి అలాంటిది రావడం నేనెప్పుడూ చూడలేదు. సేటు వచ్చి, “గీసారి పేరు మస్తు కొట్టొచ్చినట్టు కనవడుతుంది,” అన్నాడు. ఉస్తాద్ నా వైపు చూడకుండా కుంచె తుడుచుకున్నారు. నన్ను పనిలోంచి తీసేయకుండా, నా పిచ్చిలో పనికొచ్చేది ఏరుకున్న ఆ మనిషి వల్లే ఇవాళ నాకు సొంత డిజైనింగ్ దుకాణం ఉంది.

మొన్న మళ్లీ షార్జా పోయి ఎగ్జిబిషన్ చూశాను. బరువు ఎక్కువైందంటే ఈసారి బుద్ధిగా పుస్తకాలు తీసేసి, కంబళి మోసుకొచ్చి ఉస్తాద్ మోకాళ్ల మీద కప్పాను. ఆయన దాన్ని తడిమి, నా సంచీలోకి తొంగి చూశారు.

“కంబళి మంచిగుంది గని, పుస్తకం తేలేదా బేటా?”

కంబళి వదిలి పుస్తకాలు తెచ్చిన అప్పటి కుర్రాడే నయం అనిపించి నవ్వొచ్చింది. నా దుకాణానికి పోయి, ఆయన అప్పుడు మోకాళ్ల మీదికి లాక్కున్న, రంగు మరకల ఆ పాత పుస్తకమే తెచ్చి కంబళి మీద పెట్టాను.