అత్త నూలు, మావయ్య పంచె

మొన్న ఆదివారం మా మేనత్త భర్త, అంటే మా మావయ్య, చెప్పాపెట్టకుండా శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే ముందు ఒళ్లో తువ్వాలు పరుచుకుని, పంచె అంచు పక్కకి సర్దుకుని, అప్పుడు గ్లాసు అందుకున్నాడు. చొక్కా మీద మరకల సంగతి ఆయనకి పట్టదు గాని, పంచె మీద చుక్క పడనివ్వడు. అది మా అత్త వడికిన నూలుతో పొందూరులో నేయించింది. అత్త పోయి కొన్నేళ్లయింది. పంచె ఇంకా తెల్లగా, మెత్తగా అలాగే ఉంది.

అత్త పుట్టిల్లు పొందూరు. మా నాయనమ్మ దగ్గరే వడకడం నేర్చుకుంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దాని సన్నటి పళ్లకి చిక్కితే పత్తిలో నలక అన్నది మిగలదు. పెళ్లయి నాగావళి అవతల రైతు ఇంటికి వెళ్తూ అత్త రాట్నంతోపాటు ఒక దవడని కూడా పట్టుకెళ్లింది. అది చూసి అత్తింటివాళ్లు నవ్వారట. చేపల పులుసు వండిన ప్రతిసారీ మావయ్య, దవడ పారేయకండి, మా ఇంటిదానికి సారె పెట్టాలి అని ఏడిపించేవాడు. ఆ ఇంట్లో ఆవిడకి తీరికన్నది ఉంటే కదా! తెల్లవారకముందే గేదెలు, తర్వాత కూలీలకి అంబలి, ఉడుపులు, కోతలు, ఎండాకాలం జీడిపిక్కలు, వీటన్నిటి మధ్యా మూలుగుతూ ఉండే అత్తగారు. మధ్యాహ్నం అందరూ ఓ కునుకు తీసే వేళ మాత్రమే ఆవిడది. అప్పుడు వసారాలో రాట్నం ముందు కూర్చునేది. ఆ చప్పుడుకి నిద్ర పట్టడం లేదని అత్తగారు సణిగితే, ఇరుసుకి ఆముదం పోసింది గాని వడకడం మానలేదు.

పొందూరులో ఆడవాళ్లు వడికిన నూలంతా ఖద్దరు సంఘానికి ఇచ్చేస్తారు. నాయనమ్మ జన్మంతా వడికి, జన్మంతా మిల్లు చీరలే కట్టింది. తన నూలుతో నేసిన చీర ఒక్కటి కట్టుకోవాలని అత్త కోరిక. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఏళ్ల తరబడి నూలుని చిలపలుగా చుట్టి, వేపరెమ్మలు వేసి, రేకు పెట్టెలో దాచుకుంది.

రాష్ట్రం విడిపోయిన ఏడాది చీరకి సరిపడా నూలు పోగైంది. అవి ఉడుపుల రోజులు, ఆవిడకి ఊరు కదిలే వీలు లేదు. మావయ్య ఏదో పని మీద పొందూరు వెళ్తుంటే సంచి చేతికిచ్చి నేయించి తెమ్మంది. ఏం నేయించాలో చెప్పలేదు. పక్కన అత్తగారు, ఎదురుగా కూలీలు. అంతమంది ముందు నాకు చీర కావాలి అనడానికి నోరు రాలేదు. ఆడమనిషి ఇన్నేళ్లూ దేనికి వడికిందో వేరే చెప్పాలా అనుకుంది. మావయ్యేమో పొందూరు అంటే పంచె అనుకునే మనిషి. మగవాడు నూలు తెచ్చాడు కదా అని నేతగాడూ ఏం నేయాలని అడగలేదు.

మావయ్య ఆ మూట తెచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. విప్పితే పంచె, కండువా. "సూడండి, ఊర్లో ఎవుడికున్నాది ఇలాటి పంచె? మా ఇంటిదాని నూలు," అని పక్కింటివాళ్లని కూడా పిలిచి చూపించాడు. అత్త అంచు వేళ్ల మధ్య పెట్టి చూసి, బాగా నేసినాడు అని లోపలికెళ్లి అన్నం వార్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ నడుం వాల్చారు. రాట్నం చప్పుడు వినబడలేదు. గదిలోకి తొంగి చూస్తే, అత్త ఆ పంచెని చీరలా చుట్టుకుని గోడ అద్దం ముందు నిలబడి ఉంది. కుచ్చిళ్లు పెడితే కొంగు రావడం లేదు. కుచ్చిళ్లు తీసేసి మళ్లీ చుట్టింది. కొంగు భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"కొంగు సాల్లేదే గుంటా," అంది నన్ను చూసి.

ఇప్పుడే వెళ్లి మావయ్యకి చెప్పేస్తానన్నాను. నా చెయ్యి పట్టుకుంది. "సెప్పకు. ఇన్నాళ్లకి నా నూలు సూసి మురిసినాడు. అదీ పోగొట్టుకోమంటావా?"

మళ్లీ చిలపలు దాచడం మొదలుపెట్టింది గాని, అప్పటికే కళ్లకి పొర కమ్ముతోంది. దారం మాటిమాటికీ తెగిపోయేది. చీరకి కావలసినంత నూలు మరి పోగవలేదు. ఆ పంచె మాత్రం బతికినన్నాళ్లూ తనే ఉతికి, గంజిపెట్టి, మడత పెట్టింది. ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

మొన్న కాఫీ సగం తాగి మావయ్య పంచె అంచు నిమురుకున్నాడు. "మీ అత్తకి ఏ కోరికా నేదు గుంటా. బతికినన్నాళ్లూ నన్ను ఏటీ అడగనేదు," అన్నాడు. గర్వంగానే అన్నాడు గాని, కళ్లు తడిగా ఉన్నాయి.

అవును మావయ్యా అన్నాను. అత్త చెప్పొద్దన్న రోజున అది దాచడం పెద్ద పనేం కాదనుకున్నాను. ఇన్నేళ్లు గడిచాక, ఆ పంచె కట్టుకుని ఆయన నా ఎదురుగా కాఫీ ఊదుకుంటూ కూర్చుంటే, ఆ చీర మాటని నోట్లో ఆపుకోవడం అప్పటికంటే కష్టమైంది.