కరెంటు పోయినప్పుడు నడిచిన క్లాసు

మా లెక్కల టీచర్ చనిపోయారు. ఆదిలాబాద్ వైపు ఒక మారుమూల మండలంలో పనిచేస్తున్నారు. మొన్న పొద్దున బడికి బయలుదేరబోతూ గుండెపోటుతో కూలబడ్డారట. ఆ కబురు మా పాత బడి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కరోనా ఏడాది ఆన్‌లైన్ క్లాసుల కోసమని పెట్టిన గ్రూపు అది. కబురు కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. వెనకే మా హెడ్మాస్టర్ పెద్దసార్ ఒక లింకు పెట్టారు. సాయంత్రం ఆన్‌లైన్‌లో సంతాప సభ, అందరూ కెమెరాలు ఆన్ చేసుకుని పాల్గొనాలట. నేను ఆ లింకు తెరవలేదు. అక్కడ ఎవరూ చెప్పరని తెలిసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మాది చొప్పదండి పక్కన సాంచెల వాడ. మరమగ్గాలను మేము సాంచెలంటాం. ముందు షెడ్డులో సాంచెలు, వెనక గదిలో మేము. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవిలో అరవాలి. ఆ ఏడాది బడులు మూసి, పాఠాలు టీవీలో పెట్టారు, టీచర్లను ఫోనులో కూడా పంపమన్నారు. ఉపాధ్యాయులు సంసిద్ధమేనా, విద్యార్థులు సంసిద్ధమేనా అని పైనుంచి అడిగారు. కిందినుంచి అందరూ సంసిద్ధమే అని రాసి పంపారు. అబద్ధం ఆడినవాళ్లకీ తెలుసు, అందుకున్నవాళ్లకీ తెలుసు.

నేను పదో తరగతి, చెల్లె ఎనిమిది. బడి లేదు గదా అని బాపు చెల్లెను సాంచెలకు నూలు కండెలు చుట్టే పనిలో కూర్చోబెట్టాడు. మా వాడలో కండెల దగ్గర కూర్చున్న ఆడపిల్ల మళ్లీ బడికి లేవదు. మమ్మల్ని కన్న అవ్వ చిన్నప్పుడు అట్లా కూర్చున్నదే, ఇంకా లేవలేదు.

టీచర్ కూడా సంసిద్ధం కాదు. ఆ మాట ఆమె ఒక్కరే పైకి అన్నారు. మొదటి పాఠం ఫోనులో రికార్డు చేసి పంపితే, పాఠమంతా ఎర్రగా మసకగా ఆమె బొటనవేలే కనిపించింది. కెమెరాకు వేలు అడ్డం పెట్టి చెప్పారు. మరునాడు గొంతు ఒక్కటే పంపారు: "నా వేలు జూసి ఎవలన్న దడుసుకున్నరా? నాకు గీ ఫోను రాదు బిడ్డా. రానిది రాదని చెప్పాలె. అక్కడికెల్లి మొదలువెడదం."

ఫోనులో పంపిన ఏ ప్రశ్నకూ చెల్లె జవాబు పంపడం లేదని ఆమె మా ఇంటికే వచ్చారు. గడపలో నిలబడి బాపు మీద అరిచారు. సాంచెల మోతలో అరవక తప్పదు.

"పాఠం వచ్చే యాళ్లకన్న బంద్ చెయ్యన్నా! పిల్ల ఎట్ల వినాలె?"

"సాంచె బంద్ వెడితె బువ్వెట్ల టీచరమ్మా?"

"ఒక్క పాఠం సేపు! అంతే!"

బాపుకు కోపం వచ్చింది. విసురుగా పోయి మెయిన్ దించేశాడు. సాంచెలు ఆగాయి. షెడ్డుకీ ఇంటికీ ఒకటే మెయిన్ కాబట్టి, టీవీ కూడా ఆరిపోయింది.

"అన్ని బంద్ చేసిన. ఇగ వినుమను" అన్నాడు బాపు.

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. టీచర్ నవ్వలేదు. ఆ నిశ్శబ్దంలో సుద్దముక్క తీసి షెడ్డు గచ్చు మీద కూర్చున్నారు. "ఇప్పుడు నా గొంతు వినవడ్తుందిగా? రా బిడ్డా." బాపు మెయిన్ మీద చెయ్యి పెట్టుకునే నిలబడ్డాడు. పాఠం అయ్యేదాకా ఎత్తలేదు.

అట్లా మా క్లాసు మొదలైంది. కరెంటు ఉంటే మోత, కరెంటు పోతే టీవీ లేదు. పట్నంలో కూర్చుని ఈ చదువును కనిపెట్టిన పెద్దమనుషులకు ఇది తట్టనే లేదు. కరెంటు పోగానే చెల్లె ఫోను చేసేది: "టీచర్, పోయింది!" ఆమె స్కూటీ మీద వచ్చేవారు. వాడ పిల్లలందరం దూరదూరంగా, మూతులకు గుడ్డలు కట్టుకుని కూర్చునేవాళ్లం. నేను అప్పటికే విప్లవ కరపత్రాల పిచ్చోణ్ణి. కాగితం అయిపోతే టీచర్ నా చేతిలోని కరపత్రమే లాక్కుని వెనక్కి తిప్పేవారు. "విప్లవం ముందర పక్క ఉండనియ్యి. ఎనక పక్క తెల్లగున్నది, గీ సమీకరణం చెయ్యి."

ఒకరోజు క్లాసు మధ్యలో పెద్దసార్ ఫోను. టీచర్ స్పీకర్‌లో పెట్టారు.

"టీచర్, మీ ఒక్కలదే రిపోర్టు ఆగింది. గా పిల్ల టీవీ పాఠం చూస్తుందని రాసి వెట్టేయుండ్రి."

"చూస్తలేదు సార్. కండెలు చుడుతుంది."

"ఇంట్ల టీవీ ఉన్నది గదా?"

"గోడ గూడ ఉన్నది సార్. దాన్ని గూడ చూస్తుందని రాయాల్నా?"

"నాకెందుకమ్మా పరేషానీ! ఒక్క పిల్లతోని ఏమైతది?"

"చూస్తుందని రాస్తే గీ పిల్లను మళ్ల ఎవలు ఎతుకుతరు సార్?"

అవతల ఫోను పెట్టేశారు. చెల్లె తలెత్తలేదు, సుద్దముక్క గట్టిగా పట్టుకుంది. బాపు విన్నాడు.

టీచర్ 'చూస్తలేదు' అనే రాశారు. దానికి ఆమెకు దొరికిన బహుమతి మెమో. మూసిన బడికి బయట పిల్లలను పోగేసినందుకు, నివేదికకు సహకరించనందుకు. తర్వాతి బదిలీల్లో ఆదిలాబాద్ వైపు పోయారు. అది శిక్ష అని ఎవరూ అనలేదు. నేను అంటున్నాను. పోయేముందు చేసిన పని ఒక్కటే. బడులు తెరిచిన రోజు మా ఇంటికొచ్చి చెల్లెను బడికి తోలుకపోయారు. బాపే, "జర పిల్లను అరుసుకో టీచరమ్మా" అన్నాడు.

ఇప్పుడు మా బడి గోడకు పెద్ద డిజిటల్ తెర బిగించారు. దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. చాలా సంతోషం. లెక్కల టీచర్ పోస్టు మాత్రం ఖాళీ. సాయంత్రం సభలో ఆమెను అంకితభావం అనీ, ఆదర్శం అనీ పొగిడి ఉంటారు. మెమో రాసిన చేతులే కెమెరా ముందు జోడించి ఉంటాయి. ఆ దండాలు మాకొద్దు. ఆ పోస్టు నింపండి చాలు.

కబురు వచ్చినప్పుడు నేను కరీంనగర్‌లో ఒక కాలేజీ గేటు బయట ఉన్నాను. లోపల చెల్లె డిగ్రీ లెక్కల పరీక్ష రాస్తోంది. ఎట్లా చెప్పాలా అని చెట్టు నీడకూ గేటుకూ మధ్య తిరిగాను. గంట కొట్టారు. ఆడపిల్లల గుంపులో చెల్లె కనిపించింది, పక్క పిల్లతో కొట్లాడుతూ. "గుర్తు మార్చకుంటే ఎట్లొస్తదే నీ జవాబు?" అని నవ్వుతూ గాలిలో వేలితో లెక్క రాసి చూపిస్తోంది. నన్ను చూసి ఒక చెయ్యి ఊపింది. రెండో చెయ్యి ఆగలేదు. ఎండలో, అంతమంది నడుమ, గాలి మీద ఇంకో వరస రాస్తూనే ఉంది.