బావ అడిగిన చప్పుడు లేని పెట్టె

ఆ ఉదయం వికారాబాద్ స్టేషన్‌లో రోజూ ఎక్కే రైలు కోసం నిలబడి ఉండగా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ లేస్తలేడు" అంది. ఆఫీసుకు పోవాల్సిన రైలు వచ్చింది, జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. నేను మెట్లెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి పోయి తాండూరు బండి ఎక్కాను. నిద్రలోనే గుండె ఆగిందని, చాయ్ ఇవ్వడానికి వెళ్లిన అక్క భుజం తట్టి చూసేదాకా ఎవరికీ తెలియలేదని అక్కడికి చేరాక తెలిసింది.

వాళ్ల వీధి మలుపులో కిరాణా దుకాణం ముందు ఇద్దరు పెద్దమనుషులు ఆగి ఉన్నారు. బంట్వారం నుంచి కడచూపు కోసం వచ్చినవాళ్లు. "చెవిటి సేటు ఇల్లు యాడనే?" అని అడుగుతున్నారు. దుకాణందారు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెయ్యెత్తి చూపించాడు. మా బావకు ఊళ్లో ఆ పేరుందని నాకు ఆ రోజే తెలిసింది. పోనీలే, ఈ మాట ఆయనకు ఇక వినబడదు అనుకున్నాను. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసి, తల వంచుకుని వాళ్ల వెనకే నడిచాను.

ఆయన ఎవరికీ చెప్పవద్దన్న మాటే నేనిప్పుడు మీ అందరికీ చెబుతున్నాను. రాసేముందు మా మేనకోడలిని, అంటే ఆయన బిడ్డను, అడిగాను. "రాయి మామా. దాచి దాచే కదా గిట్లయింది" అంది. అయినా రాస్తుంటే చెయ్యి వెనక్కి లాగుతూనే ఉంది.

బావ వాళ్లది కుల్కచర్ల దగ్గర వ్యవసాయం చేసే ఇల్లు. ఆయన కుర్రతనంలోనే తాండూరు వచ్చి నాపరాళ్ల పనిలో పడి, చివరికి ఊరి బయట సొంతంగా పాలిష్ యూనిట్ పెట్టాడు. బండ కోసే రంపం చప్పుడు విననివాళ్లకు చెప్పడం కష్టం. అది చెవిలో కాదు, పళ్లలో వినబడుతుంది. ఆ రంపం పక్కన, మోకాళ్ల దాకా తెల్లటి బురదతో, ఆయన ముప్పై ఏళ్లకు పైనే నిలబడ్డాడు.

అక్కతో పెళ్లయిన కొత్తలో నన్ను యూనిట్‌కు తీసుకెళ్లి బండను సుత్తి పిడితో కొట్టి చూపించేవాడు. గంటలా మోగితే మంచి బండ. బొంగురుగా పలికితే లోపల ఎక్కడో పగులున్నట్టు. తర్వాత తర్వాత ఆ కొట్టడం పనివాళ్లకు అప్పజెప్పి, తాను ఎదురుగా నిలబడి వాళ్ల ముఖం చూసేవాడు. యజమాని హోదా అనుకున్నాను. బండ ఎలా పలికిందో ఆయన వాళ్ల ముఖంలో చదువుకుంటున్నాడని నాకు తట్టలేదు. ఫంక్షన్లలో ఎప్పుడూ గోడకు ఆనుకుని, అందరి ముఖాలూ కనిపించేచోట కూర్చునేవాడు. ఎవరేమన్నా "మంచిదే, మంచిదే" అని నవ్వేవాడు. ఆ మాటకే ఆయన్ను చాలామంది ఇష్టపడేవారు కూడా.

ఆ మాటే ఒకరోజు ఆయన పరువు తీసింది. వికారాబాద్‌లో మా చుట్టాల గృహప్రవేశం. బావకు బాగా కావలసిన పాత స్నేహితుడొకడు, ఒకప్పుడు గొర్రెలు కాసుకుని ఇప్పుడు సేద్యం చేసుకునే మనిషి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. "మొన్న మా తమ్ముడు పోయిండు అన్నా" అన్నాడు. బావ నిండుగా నవ్వి, "మంచిదే, మంచిదే. మస్తు సంతోషం" అన్నాడు. విస్తరి ముందు చేతులు ఆగిపోయాయి. ఆ స్నేహితుడు పట్టుకున్న చేయిని మెల్లగా వదిలేసి లేచి వెళ్లిపోయాడు. ఏదో తప్పు జరిగిందని బావకు తెలుస్తోంది. ఏమిటో తెలియడం లేదు. ఒక్కొక్కరి ముఖమే వెతుకుతున్నాడు. అందరూ విస్తరిలోకి చూస్తున్నారు.

ఆయన్ను ఇంటి దగ్గర దింపడానికి నేనే కారు తోలాను. అనంతగిరి అడవి దాటేలోపు ఆపమన్నాడు. ఆపాను.

"గాయినె ఏమన్నడు?" అన్నాడు.

ఆయన వైపు తిరిగి చెప్పాను. రెండోసారి కాస్త గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చేతులు తీయకుండానే, "నాకు ఇనబడుతలేదు బామ్మర్దీ. ఎవ్వలకు చెప్పకు. బిడ్డకైతే అసలే చెప్పకు" అన్నాడు. చెవిలో పెట్టుకునే మిషన్ కొన్నాడట. పెట్టుకుని అద్దంలో చూసుకుని, తీసి బీరువాలో దాచాడట. మర్నాడు ఆ స్నేహితుడి ఇంటికి వెళ్లి పరామర్శించి వచ్చాడు. కానీ ఎందుకలా అన్నాడో మాత్రం అక్కడ కూడా చెప్పలేదు. స్నేహితుడి తమ్ముడి చావుకు సంతోషించిన మనిషిగా మిగిలిపోవడమైనా ఒప్పుకున్నాడు, చెవిటివాడిగా కనబడటానికి ఒప్పుకోలేదు. ఆ సిగ్గు ఎంత బరువైనదో నాకు అప్పుడు అర్థమైంది.

పోయిన వేసవి మొదట్లో ఒక ఆదివారం ఆయన చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు కూడా తాగకముందే, "నాకో చప్పుడు లేని కంప్యూటర్ కావాలె. టీవీ కింద పెట్టేటిది. చిన్నది" అన్నాడు. కంప్యూటర్ల మీద నాకు కొంచెం పిచ్చి ఉందని ఆయనకు తెలుసు.

నాకు నవ్వొచ్చినంత పనైంది. వినబడని మనిషికి చప్పుడు లేని పెట్టె ఎందుకు? అడగలేక అడిగాను.

ఆయన కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. పక్కింటామె వచ్చి, పిల్లలకు పరీక్షలు, టీవీ జర తక్కువ పెట్టుమని అక్కను బతిమాలుకుందట. అప్పటిదాకా టీవీ అంత గట్టిగా మోగుతోందని ఆయనకు తెలియదు. ఆ రోజే అక్క దిండు కింద దూది ఉండలు కనిపించాయట. "మీ అక్క చెవులల్ల దూది పెట్టుకొని నా పక్కన కూసుంటున్నది బామ్మర్దీ. ఎన్నొద్దులసంది పెట్టుకుంటున్నదో. ఒక్కనాడు అనలె. నాకు ఇనబడని చప్పుడు నా ఇంట్లకెల్లి పోతాంటే నాకెట్ల ఎరుక?"

అది సగం కారణమే. మిగతా సగం ఆయన బిడ్డ. నాయన వద్దన్నా వినకుండా యానిమేషన్ చదివి, హైదరాబాద్‌లో వీడియో గేములు తయారుచేసే చోట ఉద్యోగంలో చేరింది. అప్పట్లో పెద్ద గొడవే అయింది. ఆ గొడవ చల్లారేసరికి బావ చెవులు పూర్తిగా మొద్దుబారాయి. బిడ్డ ఫోన్ చేస్తే ఆయన "ఆఁ... సరే" అని ఫోన్ అక్క చేతికి ఇచ్చేసేవాడు. ఇంటికి వస్తే అక్క ఇద్దరి మధ్య కూర్చుని ఈ మాట ఆయనకు, ఆ మాట ఆమెకు అందించేది. డాడీకి ఇంకా కోపం పోలేదు అని మేనకోడలు నా దగ్గర ఎన్నోసార్లు కంటతడి పెట్టింది. నేను మాటిచ్చిన మనిషిని. నేల చూపులు చూసేవాణ్ని.

"ఆటలల్ల ఇద్దరు కలిసి ఆడొచ్చునట గద. మాట్లాడే పని ఉండదు గద?" అని అడిగాడు బావ.

కూర్చుని ఆలోచించాం. మేనకోడలు చదువుకునే రోజుల్లో వాడిన పెద్ద కంప్యూటర్ మేడ మీద గదిలో అలాగే ఉంది. ఆటలకు బలం దానికే ఉంది, కానీ అది నడిస్తే జెట్ విమానమే. దాన్ని పైనే ఉంచి, ఆట అక్కడ నడిపించి, బొమ్మను మాత్రం కింద హాల్లో టీవీకి పంపితే సరిపోతుంది. అప్పుడు కింద పెట్టే పెట్టెకు పెద్ద బలం అక్కర్లేదు, వేడి పుట్టదు, ఫ్యాను గట్టిగా తిరగదు. సినిమాలు కూడా అదే చూపిస్తుంది. కింద అక్షరాలు వస్తాయి, సౌండ్ హెడ్‌ఫోన్‌లోకి పోతుంది. వైఫైతో బొమ్మ తడబడుతుందని మేడ నుంచి హాల్లోకి కేబుల్ లాగించాం. పెట్టెలో ఫ్యాను చిన్నది వద్దని, నెమ్మదిగా తిరిగే పెద్దది చూశాను. అరచేతులు రెండూ చేరిస్తే పట్టేంత పెట్టె తయారైంది.

ఇక దానికి చప్పుడుందో లేదో వినాలి. ఎండలు మండిపోతున్న రోజులు. బావ సీలింగ్ ఫ్యాన్ ఆపించాడు, కిటికీలు మూయించాడు, అక్కను వంటింట్లో కుక్కర్ దించమన్నాడు. నన్ను సోఫాలో కూర్చోబెట్టి ఎదురుగా పీట వేసుకుని నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

"ఇనబడుతున్నదా?"

సన్నగా గుయ్యిమంటోంది. చెమటకు తట్టుకోలేక, "లేదు బావా" అన్నాను.

"అబద్ధం" అన్నాడు. తిట్టలేదు. "బండ కొట్టినప్పుడు మావోళ్లు కూడ గిట్లనే మొకం పెడుతరు. తొందరపడకు. తొందరపడి కోస్తే బండ పగులుతది."

సినిమాలు దాచడానికి లోపల పెట్టిన పాత హార్డ్ డిస్క్ తిరుగుతున్న చప్పుడది. దాన్ని తీసి మేడ మీది కంప్యూటర్‌లోకి మార్చాను. టీవీ కింద మూసిన అల్మారాలో వేడెక్కుతోందని పెట్టెను బయటికి తెచ్చి, కింద రబ్బరు ముక్కలు పెట్టాను. ప్రతిసారీ ఫ్యాన్ ఆపడం, నా ముఖం చూడటం. చివరికి ఆయన అడగకముందే నేను నవ్వాను. ఆయన అక్కను పిలిచి, "నువ్వు కూడ చెప్పు" అన్నాడు. అక్క చాలాసేపు విని, "బయట పిట్టలు ఇనబడుతున్నయి" అంది. బావ లేచి మొహం కడుక్కోవడానికి వెళ్లి, తొందరగా తిరిగి రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు హైదరాబాద్ నుంచి తన లాప్‌టాప్‌తో ఆటలో కలిసింది. ఇద్దరు మనుషులు ఒక బరువును మోసుకుంటూ విరిగిన వంతెన దాటే ఆట. బావ బొమ్మ మాటిమాటికీ నీళ్లలో పడుతోంది. ఆమె బొమ్మ ఓపిగ్గా వెనక్కి వచ్చి నిలబడుతోంది. ఆమె మైకులో మాట్లాడుతోందని తెర మీద వెలుగుతున్న గుర్తును బట్టి నాకు తెలుస్తోంది. హెడ్‌ఫోన్ బావ చెవుల మీదే ఉంది, కానీ ఆయనకు అందులోంచి ఒక్క మాట కూడా అందడం లేదు. కాసేపటికి తెర మూలన అక్షరాలు వచ్చాయి: "డాడీ, ఇప్పుడు కూడ మాట్లాడవా?"

బావ నా వైపు చూశాడు. కీబోర్డు ఒళ్లోకి తీసుకుని ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టాడు: "నాకు ఇనబడది బిడ్డా. చాన ఏండ్లాయె. సిగ్గయి చెప్పలె."

ఆమె బొమ్మ వంతెన మీద కదలకుండా నిలబడిపోయింది. తర్వాత, "నా మీద కోపమనుకున్న" అని వచ్చింది. మళ్లీ కాసేపటికి, "నేనొస్తున్న."

సాయంత్రం బండికి వచ్చింది. హాల్లో ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. బావ నేల చూస్తున్నాడు. తల ఎత్తడం లేదు. ఆమె మళ్లీ మళ్లీ చెబుతోంది. తల దించుకున్న మనిషికి పెదవులు ఎలా కనబడతాయి? చివరికి ఆమె ఆయన గదవ కింద వేళ్లు పెట్టి, చిన్నపిల్లాడి ముఖం ఎత్తినట్టు ఎత్తింది. "నన్ను చూడు డాడీ. నన్ను చూస్తెనే ఇనబడుతది నీకు." ఆయన చూశాడు. కళ్లనిండా నీళ్లు. సిగ్గు ఇంకా పోలేదు, అయినా చూశాడు.

ఆ తర్వాత ఆయన అంతా మారిపోయాడని చెబితే అది మీకు అబద్ధం చెప్పినట్టే. చెవి మిషన్ బీరువాలోంచి బయటికి వచ్చింది గానీ, గేటు చప్పుడైందని అక్క సైగ చేస్తే చటుక్కున తీసి జేబులో వేసుకునేవాడు. యూనిట్‌కు ఏనాడూ పెట్టుకుని పోలేదు. ఆదివారాలు మాత్రం తండ్రీబిడ్డల ఆట ఆగలేదు. ఆడినంతసేపు ఇద్దరూ తెర మీద రాసుకునేవారు. అన్నం తిన్నావా, మోకాలు ఎలా ఉంది, మీ సారు సెలవిచ్చాడా. ఫోన్‌లో ఏళ్ల తరబడి ఆగిపోయిన మామూలు మాటలే. ఒకసారి ఆమె తయారుచేస్తున్న ఆటలోని రాతి గోడల బొమ్మలు పంపి ఎలా ఉన్నాయో చెప్పమంది. "గా రంగు బండ ఏడ దొరుకది బిడ్డా" అని రాశాడు. ఆమె రంగు మార్చింది.

అంత్యక్రియలకు వచ్చినవాళ్లలో ఒకాయన, "చెవులు తప్ప ఏ రోగం లేకుండె" అంటూ సన్నగా నవ్వాడు. నాకు మళ్లీ తల దించుకోవాలనిపించింది. మేనకోడలు దించుకోలేదు. "అవు పెదనాన్నా, డాడీకి ఇనబడకపోతుండె. రంపం పక్కన నిలబడి చెవులు పోయినయి" అని మామూలు గొంతుతో చెప్పింది. ఆయన నవ్వు ఆపేశాడు.

కర్మలన్నీ అయ్యాక ఆమెను రైలెక్కించడానికి తాండూరు స్టేషన్‌కు వెళ్లాను. ఏసీ పెట్టె. కిటికీకి మందపాటి అద్దం. కూర్చున్నాక నా వైపు తిరిగి ఏదో చెప్పింది. ఒక్క ముక్క వినబడలేదు. అలాంటప్పుడు మనమంతా చేసే పనే చేయబోయాను, అర్థమైనట్టు తల ఊపబోయాను. ఆగాను. చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినబడటం లేదని అడ్డంగా తల ఆడించాను. ప్లాట్‌ఫారం మీద నలుగురూ చూస్తున్నారు.

ఆమె నవ్వింది, అన్ని రోజుల్లో మొదటిసారి. ముఖం అద్దానికి దగ్గరగా తెచ్చి, పెదవులు స్పష్టంగా కదిలిస్తూ, ఒక్కో మాట మెల్లగా మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. సగంలో రైలు కదిలింది. నేను అద్దం వెంట నడుస్తూ ఆమె ముఖమే చూస్తున్నాను. ఆమె ఊపిరికి అద్దం మీద ఆవిరి పడుతోంది. చేత్తో తుడిచి, ఆమె చెబుతూనే ఉంది.