అమ్మకానికి దాల్చినచెక్క వాసన

అక్క ఇల్లు అమ్మకానికి పెట్టిన రెండు వారాలూ నా పని బిస్కెట్లు కాల్చడం. నాకు అసలు ఉద్యోగం వేరే ఉంది. వారంలో నాలుగు రోజులు దాన్ని ఇంటి నుంచే చేస్తాను కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని ఉద్యోగం కింద జమకట్టరు.

బావకి టెక్సస్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది. ఆయన ముందు వెళ్లి అక్కడ అపార్ట్‌మెంట్‌లో దిగాడు. అల్ఫారెట్టాలో ఇల్లు, ఇంట్లో అక్క, మేడ మీద మూల గదిలో నేను మిగిలాం. ఇల్లు అమ్మేద్దామా అని బావ ఫోన్‌లో అడిగితే, "అమ్మేద్దాం," అంది అక్క, పక్కవాళ్లకి ఉప్పు అందించినంత తేలిగ్గా. వంటింటి గూళ్ల రంగు దగ్గర తేడా వచ్చి బావతో నెల రోజులు మాట్లాడని మనిషి ఆమె. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నేను పెరుగన్నం తింటున్నాను.

ఇల్లు అమ్మిపెట్టే రియల్టర్ ఆంటీ మన తెలుగావిడే. తిన్నగా షూస్‌తోనే లోపలికి వచ్చేసింది. "మీరూ తీయొద్దమ్మా. కొనేవాళ్లు తీయరు, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి," అంది. తర్వాత వేలు చూపిస్తూ ఇల్లంతా తిరిగింది.

"ఫొటోలు తీసేయండి. దేవుళ్లని ప్యాక్ చేయండి. ఇంగువ, మసాలాలు గరాజ్‌లోకి. రెండు వారాలు పోపు పెట్టొద్దు."

"మరి తినేదేంటి ఆంటీ?"

"సాలడ్స్ లేవా నాయనా? కొనేవాళ్లు చూడ్డానికొచ్చే షోయింగ్‌కి అరగంట ముందు సినమన్ బిస్కెట్స్ బేక్ చేయి. డో రెడీమేడ్ దొరుకుతుంది. డోర్ తీయగానే ఇక్కడెవరో హ్యాపీగా ఉంటున్నారనిపించాలి. కానీ ఎవరుంటున్నారో తెలియకూడదు."

దెయ్యం కావలెను అని ప్రకటన ఇచ్చినట్టుందన్నాను. ఆంటీ నవ్వలేదు. అక్క కూడా నవ్వలేదు.

ఫొటోలు అట్టపెట్టెల్లోకి, దేవుళ్లు అక్క కార్ డిక్కీలోకి వెళ్లారు. గోడలకున్న మేకుల రంధ్రాలు పూడ్చి రంగు వేశాం. మిగిలింది ఓవెన్. ఆరేళ్లుగా అది మాకు అలమారా. మూకుళ్లు, పెనాలు, ఇడ్లీ ప్లేట్లు, మూత దొరకని కుక్కర్ అన్నీ బయటికి తీసి, మొదటిసారి వేడి చేశాం. పది నిమిషాలకి అందులోంచి గారెల వాసన వచ్చింది. తర్వాత అప్పడాలు. తర్వాత ఎప్పుడో మాడ్చిన వంకాయ. ఖాళీ ఓవెన్ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నట్టు గంటసేపు వాసనలు వదిలింది. అక్క దాని ముందే నిలబడి అన్నీ పీల్చింది. నేను కిటికీలు తీశాను.

డో, అంటే కలిపి ఉంచిన పిండి, అట్ట గొట్టంలో వస్తుంది. పై కాగితం ఒలిచి అతుకు మీద చెంచాతో నొక్కితే టప్పున పేలి, పిండి ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బుతూ బయటికొస్తుంది. ఎన్నిసార్లు చేసినా ఉలిక్కిపడ్డాను. ముక్కలు చేసి, కరిగిన వెన్నలో ముంచి, పంచదారా దాల్చినచెక్క పొడీ కలిపి అందులో దొర్లించి, ఓవెన్‌లో పావుగంట ఉంచితే చాలు. పేరుకే బిస్కెట్లు, నోట్లో పెట్టుకుంటే మెత్తటి బన్నులు. ఆ పావుగంటలో, ఆ వాసనకి తగ్గ కుటుంబం ఒకటి వచ్చి ఇంట్లో కూర్చున్నట్టుండేది. వాళ్లకి ఒకేలాంటి స్వెటర్లు, ఓ కుక్క. రెండోరోజు నా గదిలోకి వెళ్తూ తలుపు కొట్టాను. లోపల ఎవరూ లేరు, నేను బయటే ఉన్నాను కదా.

మొదటి శనివారం షోయింగ్ జరుగుతుంటే, వీధి చివర కార్‌లో కూర్చుని నేనూ అక్కా చూశాం. పట్టపగలు ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. మేడ మీద అక్క పడకగది కిటికీలోకి ఎవరో ఆవిడ వచ్చి నిలబడింది. పరదా సర్దింది. మమ్మల్ని చూసింది. దారిన పోయేవాళ్లని ఇంటావిడ పలకరించినట్టు చెయ్యి ఊపింది.

అక్క కూడా చెయ్యి ఊపింది. 

రెండో మంగళవారం ఆఫర్ వచ్చింది. బావ టెక్సస్‌లోనే ఫోన్‌లో సంతకం పెట్టేశాడు. బుధవారం సాయంత్రం ఆరుకల్లా అక్క కూడా పెట్టాలి. లేదంటే కొనేవాళ్లు ఇంకో ఇల్లు చూసుకుంటారు. "రేపు చూస్తాలే," అంది అక్క.

బుధవారం నేను ఆఫీస్‌కి వెళ్లే రోజు. ఛార్జర్ మర్చిపోయి మధ్యాహ్నం వెనక్కొచ్చాను. తలుపు తీయగానే దాల్చినచెక్క వాసన. ఆ రోజు షోయింగ్ లేదు. లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఓవెన్ వెచ్చగా ఉంది, పళ్లెంలో బిస్కెట్లు సర్ది ఉన్నాయి. స్వెటర్లవాళ్లు నిజంగానే దిగిపోయారనుకున్నాను. చేతిలో ఆయుధం కూడా లేదు, ఛార్జర్ మేడ మీదుంది.

ముందు గదిలో అక్క. సోఫా అంచున, కాళ్లకి షూస్, ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్.

"నువ్వు ఆఫీస్‌కి వెళ్లలేదా అక్కా?"

"ఇల్లు చూడ్డానికొచ్చాను," అంది. "చూపించేవాళ్లెవరైనా ఉన్నారా?"

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. నాకు వచ్చింది వెటకారం ఒక్కటే, ఆ ముఖం ముందు అది పనికొచ్చేలా లేదు. అయినా వేరే ఏదీ రాదు కాబట్టి దాన్నే వాడాను. "రండి మేడమ్. ఇది లివింగ్ రూమ్."

"ఇక్కడెవరుండేవాళ్లు?"

"ఓ ఫ్యామిలీ మేడమ్. చాలా క్వైట్."

"అబద్ధం," అని, పూడ్చిన మేకు గుర్తుల్లో ఒక్కోదాని మీద వేలు పెట్టుకుంటూ నడిచింది. ఏ గుర్తూ తప్పిపోలేదు. మెట్లెక్కుతూ, కిందికి చూడకుండానే, కిర్రుమనే నాలుగో మెట్టు దాటేసింది. మొదటిసారి వచ్చినవాళ్లకి ఆ మెట్టు సంగతి తెలియదు. నేను గమనించనట్టు ఊరుకున్నాను.

పూజ గది తలుపు తీసింది. లోపల ఖాళీ అరలు. ఇన్ని రోజుల దాల్చినచెక్క కింద నుంచి కర్పూరం వాసన సన్నగా వచ్చింది.

"ఇందులో ఎవరో ఉన్నారు," అంది మెల్లగా.

నేను ఖాళీ అరల్లోకి తొంగిచూశాను. "ఎవరూ లేరు మేడమ్. వాళ్లు మీ కార్ డిక్కీలో ఉన్నారు."

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే అరని పట్టుకుని చాలాసేపు వంగి నిలబడింది. అది నవ్వు కాదని అర్థమవడానికి నాకు కొంచెం టైమ్ పట్టింది.

"వద్దంటే ఇప్పుడే చెప్పక్కా. బావతో నేను మాట్లాడతా."

"వద్దని కాదురా. వెళ్లాల్సిందే, తెలుసు. వచ్చిన ప్రతివాళ్లూ ఇల్లంతా తిరిగి చూశారు. నేనే చూడలేదు."

వంటింట్లోకి వచ్చి రెండు బిస్కెట్లు తింది. ఫోన్ తీసి సంతకం చేయబోతే వేలికి వెన్న అంటుకుని స్క్రీన్ పట్టించుకోలేదు. మూడుసార్లు గీసింది. టిష్యూ ఇచ్చాను. నాలుగోసారి పడింది.

"కొనేవాళ్లకి పిల్లలున్నారటా?"

"ఇద్దరట."

"చిన్నవాళ్లకి మేడ మీద మూల గది ఇవ్వొద్దని చెప్పు. ఆరింటికే ఎండ మొహాన కొడుతుంది. నిద్రపోరు."

ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను. "డీల్ పోతుంది నాయనా, నోర్మూసుకో," అంది ఆంటీ.